ఉపగ్రహం చూపించిన దొంగ ట్రాన్స్‌మీటర్

తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మెలో ఉన్న రోజుల్లో నేను సమ్మె లేని ఆఫీసులో పనిచేస్తున్నాను. రేడియో తరంగాల మీద నిఘా పెట్టే ఆఫీసు అది. లైసెన్సు లేకుండా ఎవరైనా ప్రసారం చేస్తున్నారా, ఒకరి ఫ్రీక్వెన్సీలోకి ఇంకొకరు దూరుతున్నారా అని చూడటం మా పని. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. నిజానికి మేం వినే తరంగాల కంటే మా పై అధికారి చెప్పే సొంత గొప్పలు ఎక్కువ. ఆయనకు రెండు పెద్ద డిగ్రీలున్నాయి. అవి ఆయన బల్లమీది చెక్క మీదా, గది తలుపు మీదా రాసి ఉండేవి. చదవలేనివాళ్ల కోసం నోటితో కూడా చెప్పేవాడు.

నేను టెక్నికల్ అసిస్టెంటుని. మా నాయన బుగ్గారం దగ్గర ఒక రైతు ఇంట్లో జీతం చేశాడు. మాకు గుంట భూమి లేదు. మా అక్కను కోరుట్లకు ఇచ్చారు. బావ దుబాయిలో ఉంటే అక్క బీడీలు చేసుకుంటూ పిల్లల్ని సాకేది. పదో తరగతి సెలవుల్లో నేను అక్క దగ్గరికి పోయినప్పుడు, ఆ వీధి చివరున్న రేడియో రిపేరు షాపులో కూర్చుని సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఆ షాపు ఆయన్ను కాక, అంటే చిన్నాయన, అని పిలిచేదాన్ని. ఆడపిల్ల షాపులో కూర్చోవడమేంటని ఎవరో అంటే, "ఇనుపకడ్డీకి ఆడ మగ ఎరుకనా?" అన్నాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ తీసుకోమన్నది ఆయనే. దరఖాస్తు నింపి పెట్టిందీ ఆయనే. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను. నేను చేసిన పని ఎంత నీచమైందో ఇది తెలియకపోతే మీకు అర్థం కాదు.

సమ్మె మొదలైన కొన్నాళ్లకు మా ఆఫీసుకు ఒక ఫిర్యాదు వచ్చింది. ఒక ఉపగ్రహం ద్వారా వెళ్లే టీవీ ప్రసారాల్లోకి నేల మీద ఎక్కడి నుంచో ఎవరిదో సంకేతం దూరి, బొమ్మను ముక్కలు చేస్తోంది. ఉపగ్రహాన్ని చూసుకునే కేంద్రంవాళ్లు కొలతలు తీసి, ఆ సంకేతం ఎక్కడి నుంచి వస్తుందో లెక్కగట్టి పంపారు.

ఆ లెక్క ఎలా కడతారో చెబుతాను, కష్టమైంది కాదు. నేల మీది నుంచి ఉపగ్రహానికి పంపే సంకేతం టార్చిలైటు వెలుతురు లాంటిది. ఎంత గురిచూసి పట్టినా అంచుల్లోంచి కొంత పక్కకు చెదురుతుంది. ఆ చెదిరింది పక్కనే ఉన్న ఇంకో ఉపగ్రహానికి కూడా, బలహీనంగా, చేరుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ చేరడంలో ఎంత ఆలస్యం ఉందో కొలిస్తే నేల మీద ఒక గీత గీయవచ్చు. దొంగ ఆ గీత మీద ఎక్కడో ఉన్నాడన్నమాట. ఉపగ్రహాలు ఆకాశంలో కొద్దికొద్దిగా కదులుతుంటాయి కాబట్టి రెండుచోట్లా ఫ్రీక్వెన్సీలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. దాన్ని బట్టి ఇంకో గీత. రెండూ కలిసిన చోట దొంగ ఉండాలి. కాకపోతే, ఆ ఉపగ్రహాలు సరిగ్గా ఎక్కడున్నాయో మనకు తెలిసేది కూడా కొంతవరకే. అందుకని అవి గీతలుగా కాక లావుపాటి పట్టీలుగా వస్తాయి. పట్టీలు ఒకదాన్నొకటి దాటిన చోట మ్యాపు మీద కోడిగుడ్డు ఆకారం పడుతుంది.

మాకు వచ్చిన గుడ్డు పై కొన కోరుట్ల దాటి ఉంది. కింది కొన సిరిసిల్ల దాటి ఉంది. కుడివైపు జగిత్యాలను ఒరుసుకుంటోంది. అంత మేరలో ఎన్ని ఊళ్లున్నాయో, ఎన్ని మిద్దెలున్నాయో ఊహించుకోండి. గుడ్డు నడుమ కంప్యూటరు ఒక చుక్క పెట్టింది. అది దొంగ ఉన్న చోటు కాదు, గుడ్డుకు మధ్య భాగం, అంతే. మా అధికారికి ఆ చుక్క తెగ నచ్చింది.

"ఉపగ్రహం చెప్పేసిందమ్మా. ఇక మనం వెళ్లి పట్టుకోవడమే," అన్నాడు.

నాకు ఆ ప్రాంతం తెలుసని, అక్కడి మాట అర్థమవుతుందని నన్ను తీసుకుపోయాడు. నిజంగా అదే కారణం. నా డిప్లొమా సంగతి ఆయనకు గుర్తున్నట్టు ఎప్పుడూ కనబడలేదు.

వ్యాను, అందులో సంకేతాల్ని తెరమీద చూపించే అనలైజరు, చేతిలో పట్టుకుని తిప్పే యాంటెన్నా, ఒక డ్రైవరు. దారిలో నాలుగుచోట్ల రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు నిరసన. ప్రతిచోటా మా అధికారి అద్దం దించి తాను కేంద్ర ప్రభుత్వమని చెప్పేవాడు. ప్రతిచోటా మాకు పులిహోర పెట్టి, తిన్నాకే వదిలారు.

చుక్క దగ్గరికి వెళ్లాం. అదొక గుట్ట. చుట్టూ తుప్పలు, రాళ్లు. పైన ఎండలో ఒకాయన మేకలు కాస్తున్నాడు. మా అధికారి ఆయన్ను పిలిపించాడు.

"ఈ చుట్టుపక్కల అనుమానాస్పదంగా ఎవరైనా తిరుగుతున్నారా?"

ఆయన మా వ్యాను వైపు చూశాడు. "ఇయ్యాల మీరే తిరుగుతున్నరు సార్," అన్నాడు.

డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. అనలైజరు తెరమీద ఏమీ లేదు. మా అధికారి గుట్ట ఫొటోలు ఆరు తీయించాడు. ఉపగ్రహం తప్పు చెప్పదు కాబట్టి దొంగే జాగా మార్చి ఉంటాడని తేల్చాడు. అప్పుడు చెప్పాను, చుక్కకు అంత విలువ లేదని, గుడ్డు మొత్తం వెతకాలని. ఆయన నన్ను చూసి చిన్నపిల్లను చూసినట్టు నవ్వాడు.

"గుడ్డు మొత్తం వెతకడానికి మనమేం కోళ్లమా అమ్మా?"

ఆ జోకు ఆయనకు ఎంత బాగా అనిపించిందంటే జగిత్యాల గెస్ట్‌హౌస్‌లో దాన్ని మళ్లీ రెండుసార్లు చెప్పాడు. నేను మాత్రం కోరుట్లలో అక్క ఇంట్లో దిగాను.

మర్నాడు ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. ఉద్యమం జరుగుతోంది, టీవీ ప్రసారాలు చెడిపోతున్నాయి, కాబట్టి చెడగొట్టేది ఉద్యమకారులే. ఇందులో మధ్య మెట్టు ఒకటి తగ్గిందని ఎవరైనా చెప్పవచ్చు. కానీ ఆయనతో వచ్చిన పోలీసు అధికారికి ఈ లెక్క వెంటనే సరిపోయింది. ఆ పోలీసాయనది మా జిల్లానే. మాట మాదే, మొహం మాదే. పైనుంచి వచ్చినవాళ్ల ముందు ఎంత చురుగ్గా ఉండాలో మావాళ్లకు ఒకరు నేర్పాల్సిన అవసరం లేదు. ఆయన ఏ ఠాణావాడో రాయను.

అతను మమ్మల్ని మొదట దీక్షా శిబిరానికి తీసుకుపోయాడు. శిబిరం పెద్దమనిషి ఒక రోడ్ల కాంట్రాక్టరు. అంతకు కొన్ని నెలల ముందు దాకా ఎవరు పవర్లో ఉంటే వాళ్ల కారు వెనక సీట్లో కనబడేవాడు. ఇప్పుడు మెడలో గులాబీ కండువా. మీ దగ్గర ట్రాన్స్‌మీటర్ ఉందా అని అడిగితే లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అతను ఆ మాట అనలేదు. మీసం దువ్వుకుని, "ఏదుందో ఏది లేదో మా పోరాటానికే ఎరుక," అన్నాడు. ఆ సాయంత్రం మైకులో, మన గొంతు ఆకాశంల ఉపగ్రహం దాక పోయింది, ఢిల్లీ గడగడ వణుకుతున్నది అని ప్రసంగించాడు. జనం చప్పట్లు కొట్టారు. అతని దగ్గర టార్చిలైటు కూడా ఉండి ఉండదు.

ఆ ప్రసంగం ఖరీదు కాక కట్టాడు. శిబిరంలో మైకుసెట్టు ఎవరు చూస్తున్నారని పోలీసాయన అడిగితే, కాంట్రాక్టరు కాక పేరు చెప్పాడు. పోలీసాయన మా అధికారి చెవిలో, "గాయన మిద్దె మీద పెద్ద డిష్ ఉంటది సార్," అన్నాడు. మా అధికారి కళ్లు మెరిశాయి.

నాకు ఆ డిష్ తెలుసు. ఊళ్లో కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన కాలంలో కాక వంద ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చాడు. తర్వాత పెద్దవాళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశారు. డిష్ మాత్రం మిద్దె మీద మిగిలిపోయింది. అది ఆకాశం నుంచి వచ్చేది పట్టుకునే డిష్. దాన్నుంచి పైకి ఏమీ పోదు. పైకి పంపాలంటే వేరే పెట్టె కావాలి, దానికి కరెంటు కావాలి, దాని వైరే వేరు. పాలిటెక్నిక్ రెండో ఏడాది పిల్ల కూడా చెబుతుంది.

మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి కాక షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఒక యాంప్లిఫయరు విప్పుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"బిడ్డా, ఎప్పుడు అచ్చినవ్? అక్క చెప్పనే లేదు."

నేను ఏదో అన్నాను. ఈలోగా కానిస్టేబుళ్లు లోపలికి పోయారు. పాత రేడియోలు, కేబుల్ రోజుల రిసీవర్లు, మైకుసెట్టు పెట్టెలు బయటికి విసిరినట్టు పెడుతున్నారు. మా అధికారి మిద్దె ఎక్కి డిష్ చుట్టూ తిరిగాడు. నేను అనలైజరు పెట్టి చూశాను. తెర ఖాళీ.

"సార్, ఇక్కడ్నుంచి ఏ సంకేతం లేదు."

"మనల్ని చూసి ఆపేశాడు."

"ఇది రిసీవింగ్ డిష్ సార్. పంపే పరికరం ఏదీ లేదు."

"దాచేశాడు."

అంటే, సంకేతం ఉంటే దొంగ. లేకపోతే ఇంకా పెద్ద దొంగ. ఆయనకు ఎటుచూసినా సాక్ష్యమే.

కింద పోలీసాయన పంచనామా రాయించాడు. 'ప్రసారం చేయుటకు వీలైన పరికరములు' స్వాధీనం చేసుకున్నట్టు. సాంకేతిక సిబ్బంది తరఫున నేను సంతకం పెట్టాలి. కాక అప్పటికీ భయపడలేదు. నేనున్నాను కదా అని ధైర్యంగా ఉన్నాడు.

"బిడ్డా, నువ్వు చెప్పు గీ సార్లకు. గిది ఇనేదే గని మాట్లాడేది కాదని చెప్పు. నీకెరుకే గద."

నేను మా అధికారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా, గడియారం చూసుకుంటూ, "నువ్వింకా ప్రొబేషన్‌లోనే ఉన్నావు కదమ్మా?" అన్నాడు.

ఇంకేమీ అనాల్సిన అవసరం లేకపోయింది. నేను సంతకం పెట్టాను. సంతకం ఎప్పటిలాగే అందంగా వచ్చింది, అది నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కాక తన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని జీపెక్కాడు.

అక్క ఇంటికి వచ్చేసరికి వాడంతా తెలిసిపోయింది. అక్క గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తలేదు.

"నీ దస్కత్ లేకుంటె గా కాయిదం చెల్లకపోవునా?"

"చెల్లేదే. ఇంకెవరితోనైనా పెట్టించేవాళ్లు."

"మరి నీదెందుకు?"

ఉద్యోగం పోతుందని అన్నాను. అక్క ఆకు కత్తిరించుకుంటూ, "గాయన లేకుంటె నీకు నౌకరే లేకపోవు," అంది. అన్నం పెట్టింది. పక్కన కూర్చోలేదు.

మర్నాడు ఆదివారం. అక్క ఎప్పటిలా చర్చికి రమ్మని అడగలేదు, నేను పోలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండగా ఉపగ్రహ కేంద్రం నుంచి నా ఫోనుకు కాల్ వచ్చింది. దొంగ సంకేతం మళ్లీ వస్తోంది, ఇంకా పట్టుకోలేదా అని అడిగారు. కాక ఠాణాలో ఉన్నాడు. ఆయన డిష్ పోలీసుల కాపలాలో ఉంది. మా అధికారికి ఫోన్ చేసి చెబితే ఆయన ఏమాత్రం తొణకలేదు.

"చూశావా? ఇది ముఠా అని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఎప్పుడూ చెప్పలేదు.

నేను కేంద్రంవాళ్లను అడిగి, ఆ సంకేతం రోజూ ఎప్పుడొచ్చింది, ఎప్పుడాగింది రాయించుకున్నాను. పదిరోజుల లెక్క. అది ఆగుతూ వస్తోందని ముందే తెలిసినా, మా ఆఫీసులో దొంగ తెలివిగా ఆపుతూ పెడుతూ ఉన్నాడనే అనుకున్నారు. నాకూ అందులో ఏ తీరూ కనబడలేదు. పొద్దున మూడు గంటలు ఆగుతుంది; మధ్యాహ్నం మళ్లీ మూడు గంటలు ఆగుతుంది; సోమవారం వచ్చేసరికి వేళలు మారాయి.

ఇంతలో అక్క చర్చి నుంచి వచ్చింది. సిరిసిల్లలో ఉన్న బావ చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్లింట్లో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడుస్తాయి. బొగ్గు గనులు సమ్మెలో ఉండి కరెంటు కోతలు పెరిగిపోయాయి. వాళ్ల ఏడుపంతా దాని గురించే. అక్క ఫోన్ స్పీకర్లో పెట్టి బీడీలు చుడుతూ వింటోంది.

"పొద్దుగాల మూడు గంటలు తీస్తున్నరు వదినె, మల్ల పగటీలి మూడు గంటలు. సోమారం నుంచి టైము మార్చిండ్రు. సాంచల ముందట కూసొని ఆవులిచ్చుడే అయితుంది."

నేను చేతిలో కాగితం చూసుకున్నాను. సోమవారం. మూడు గంటలు, మూడు గంటలు. నా దొంగ తెలివైనవాడేమీ కాదు. కరెంటు ఉంటే ఉంటాడు, పోతే పోతాడు.

సిరిసిల్ల టౌను వేళలు సరిగ్గా కలవలేదు. అరగంట అటూఇటూ ఉన్నాయి. కానీ మండలాలకు వేళలు వేరుగా ఉంటాయి. గుడ్డులోపల పడే సబ్‌స్టేషన్ల నంబర్లు సంపాదించి ఒక్కోదానికి ఫోన్ చేశాను. ఇద్దరు తిట్టారు. ఒకతను నేను టీవీవాళ్లనుకుని కోతల మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఏడో ఫోన్‌కు సిరిసిల్ల అవతల ఒక మండల కేంద్రంలోని ఆపరేటరు దొరికాడు. విసుక్కుంటూనే రిజిస్టరు తీసి పదిరోజుల వేళలు చదివాడు. ఆయన చదువుతుంటే నేను నా కాగితం మీద టిక్కులు పెడుతున్నాను. కరెంటు పోయిన నిమిషానికే సంకేతం పోయింది. కరెంటు వచ్చిన రెండు మూడు నిమిషాలకు సంకేతం వచ్చింది, పరికరం ఏదో మేలుకోవడానికి పట్టే టైము. చివరికి మధ్యలో ఫ్యూజు కొట్టేసిన పావుగంట కూడా కలిసింది.

"మేడం, గిదంత ఎందుకు?" అని అడిగాడాయన.

"ఒక మనిషిని ఇడిపియ్యాలె అన్నా," అన్నాను. చాలా రోజుల తర్వాత నా నోటి నుంచి మా మాట వచ్చింది.

మా అధికారికి చెబితే ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత, "కరెంటు కోతల్ని చూసి ట్రాన్స్‌మీటర్లను పట్టడం ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నాడు. మర్నాడు జగిత్యాలలో ఆయనకు పెద్దవాళ్లతో మీటింగ్ ఉంది, ముఠా గురించి వివరించడానికి. వ్యాను అక్కర్లేదన్నాడు, పోలీసు కారు వస్తుంది కాబట్టి. నాకు అంతే చాలు. డ్రైవరును అడిగితే, "పోదాం మేడం. ఆ గుట్టకాడి మేకలాయన మొఖం నాకు నిద్రల అగుపడ్తున్నది," అన్నాడు.

ఆ మండల కేంద్రంలో కరెంటు వచ్చేదాకా హోటల్లో టీ తాగుతూ కూర్చున్నాం. ఫ్యాను తిరగడం మొదలైంది. మూడు నిమిషాలకు అనలైజరు తెరమీద సంకేతం గునపంలా లేచి నిలబడింది. చేతి యాంటెన్నా తిప్పుకుంటూ నడిచాను. దొంగను పట్టడానికి ఎక్కువ దూరం పోవాల్సిన పని పడలేదు. అది ఒక ప్రభుత్వ భవనం. ఉపగ్రహం ద్వారా పాఠాలు వినడానికీ, ప్రశ్నలు అడగడానికీ పెట్టిన శిక్షణ గది. సమ్మె మొదలైన రోజు తాళం వేసిపోయారు. లోపలి పరికరం ఆపాలన్న జ్ఞానం ఎవరికీ కలగలేదు. మిద్దె మీద నా ఎత్తు డిష్ ఉంది, దాని ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప చేతికి సంకేతాన్ని పైకి పంపే పెట్టె ఉంది. ఆ చేతికే ఒక ప్లాస్టిక్ తాడు కట్టి, ఇంకో కొసను నీళ్లట్యాంకుకు బిగించారు. తాడు మీద వరసగా తడి చీరలు, లుంగీలు, ఒక దుప్పటి.

వాచ్‌మన్ భార్య మెట్లెక్కి వచ్చింది. నేను బట్టలు ఎత్తుకుపోతానేమోనన్నట్టు చూసింది.

"ఈ తాడు ఎప్పుడు కట్టిండ్రక్కా?"

"సార్లు తాళమేసి పోయినంక. ఉత్తగ ఉన్నదని కట్టినం. ఏమన్న తప్పా?"

తప్పు ఆమెది కాదు. తడి బట్టల బరువుకు డిష్ కొద్దిగా పక్కకు తిరిగింది. ఒక ఉపగ్రహాన్ని చూడాల్సింది పక్కదాన్ని చూస్తోంది. తన ఉపగ్రహం కనబడకపోతే నోరు మూసుకోవాలని ఆ పెట్టెకు కట్టడి ఉంటుంది. అది కూడా చెడిపోయినట్టుంది, ఆగకుండా అరుస్తోంది. నేను ఉపగ్రహ కేంద్రానికి ఫోన్ చేసి లైన్లో ఉండమన్నాను. వాచ్‌మన్ మెయిన్ స్విచ్ దించాడు.

"పోయింది," అన్నారు అవతల.

ఎక్కించమన్నాను. ఆగాం.

"వచ్చింది. ఎక్కడున్నారు మీరు?"

దించేయమన్నాను. ఆమెను క్షమించమని అడిగి తాడు నేనే విప్పాను. దుప్పటి ఇద్దరం కలిసి పిండాం.

మా అధికారి, సంగతి ఫోన్‌లో చెప్పిన గంటన్నరలో వచ్చేశాడు. అంత వేగం ఆయనలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. డిష్ మీద చెయ్యివేసి ఫొటోలు దిగాడు. బట్టలు ఫొటోలో రాకుండా ఆ పక్కకు జరిపించాడు. ఆయన రిపోర్టులో 'ఉపగ్రహ కొలతల ఆధారంగా ఖచ్చితముగా గుర్తించడమైనది' అని ఉంది. కరెంటు కోత లేదు. సబ్‌స్టేషన్ లేదు. గుట్టా లేదు, మేకలూ లేవు. నేను 'సహకరించిన సిబ్బంది'లో ఉన్నాను, డ్రైవరు తర్వాత. దొంగ ట్రాన్స్‌మీటర్ ప్రభుత్వానిదే అని తేలింది కాబట్టి అది నేరం కాదు, సాంకేతిక లోపం. అదే మా కాక మిద్దె మీద ఉంటే దేశద్రోహం.

ఆ సాయంత్రమే కాకను వదిలేస్తారనుకున్నాను. నా తెలివి కూడా అంతే. కేసు రాసేశారు, రాసింది వెనక్కి తీసుకుంటే తప్పు చేసినట్టవుతుంది. కాక బెయిలు మీద బయటికి రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. పరికరాలు కోర్టు గదిలో పడేశారు. పంచనామా తప్పని నేను ఒక నోట్ రాసి అధికారికిచ్చాను. ఆయన దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, సొరుగులో వేసుకున్నాడు. "నీ మంచికే చెబుతున్నానమ్మా," అన్నాడు. ఆయన మంచి తప్ప ఆ సొరుగులో ఇంకేదీ ఎప్పుడూ దాచలేదు.

కేసు నడిచింది. కాక వాయిదా ఉన్నప్పుడల్లా షాపు మూసి జగిత్యాల పోయేవాడు. నేను రెండుసార్లు కోరుట్ల వెళ్లి ఆ షాపు ముందు దాకా నడిచి వెనక్కి వచ్చాను. ఈలోగా నా ప్రొబేషన్ పూర్తయింది. ఉద్యోగం ఖాయమయ్యాక ధైర్యం రావడం ఎంత సులువో నాకు తెలుసు. దాన్ని ధైర్యమని నేను అనను.

తెలంగాణ ఇస్తున్నారన్న మాట గట్టిగా వినబడుతున్న రోజుల్లో నాకు సాక్షిగా సమన్లు వచ్చాయి. మా అధికారి అప్పటికి పెద్ద పదవి మీద వేరే ఊరు వెళ్లిపోయాడు. కోర్టు దారిలో శిబిరం కాంట్రాక్టరు నిలువెత్తు ఫ్లెక్సీ ఉంది. ఉపగ్రహాన్ని గడగడలాడించిన ఉద్యమ సింహం అని రాశారు. కింద డిష్ బొమ్మ కూడా వేశారు, తలకిందులుగా.

జగిత్యాల కోర్టులో పంచనామా చూపించి, ఈ సంతకం మీదేనా అని అడిగారు. నాదే అన్నాను.

"ఇందులో రాసింది నిజమేనా?"

"కాదండి. ఆ పరికరాలతో ప్రసారం చేయడం కుదరదు. ఆ రోజూ నాకు తెలుసు."

మెజిస్ట్రేటు రాస్తున్నది ఆపి తలెత్తాడు. "తెలిసి ఎందుకు సంతకం చేశారు?"

"ఉద్యోగం పోతుందని."

ఆయన ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాను. రాసుకున్నాడు. కోర్టులో ఎవరో దగ్గారు. ఆ తర్వాతి వాయిదాకు కేసు కొట్టేశారు. తప్పుడు పంచనామా మీద సంతకం చేసినందుకు మా ఆఫీసు నుంచి నాకు ఒక మెమో వచ్చింది. దాని కింద సంతకం కొత్త అధికారిది. రాయించింది పాతాయనే అని అందరికీ తెలుసు.

ఆ రోజు సాక్ష్యం చెప్పి బయటికి వస్తే కాక గేటు పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. నేను దగ్గరికి పోయి, "కాకా," అన్నాను.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నాడాయన. "గా దినమే చెప్పాలె బిడ్డా."

"అవును కాకా."

ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. ఆయన కోరుట్ల బస్సుకు, నేను కరీంనగర్ బస్సుకు. బస్సు వచ్చేముందు ఆయన నా వైపు తిరిగి, ఆ సిరిసిల్ల దిక్కు డిష్ పెట్టెలో చెడిపోయింది ఏందో చూశావా అని అడిగాడు.

"లేదు కాకా. కంపెనీవాళ్లు వచ్చి విప్పకుండనే తీస్కపోయిండ్రు. కొత్తది పెట్టిండ్రు."

ఆయన మొహం చిట్లించాడు. "ఇప్పి సూడకుండనేనా?" అని, ఇంతమంది చదువుకున్నవాళ్ల మీద అసహ్యంతో తల అడ్డంగా ఊపుతూ బస్సెక్కి, అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు.